సి భాషలో ఒప్పు, తప్పు: ఒక విమర్శ

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు పోలికల దగ్గర చేసే పొరపాట్లను అజాగ్రత్తగా లెక్కగట్టడం పరిపాటి. పరీక్షకుడిగా నేనూ ఒక సమాన గుర్తు తక్కువైందని మార్కులు తగ్గించాను. ఆ తప్పులో భాషకూ వాటా ఉందన్నది ఈ భాగంలో నా వాదన.

ఫీజు బకాయి లేనివారికే హాల్ టికెట్ ఇవ్వాలనుకుందాం. షరతు: ఇఫ్ (బకాయి == 0). తొందరలో ఇఫ్ (బకాయి = 0) అని రాశామనుకోండి. మొదటిది పోలిక. రెండోది ఆపాదన, అంటే బకాయిలో 0 ఉంచమన్న ఆదేశం. సి భాషలో ఆపాదనకూ ఒక విలువ ఉంటుంది; ఇక్కడ అది 0. షరతులో 0 వస్తే తప్పు, మరే సంఖ్య వచ్చినా ఒప్పు. ఫలితంగా 1,200 రూపాయల బకాయి చెరిగిపోతుంది, అయినా హాల్ టికెట్ ఎవరికీ రాదు!

మరో ఉదాహరణ: 0 <= మార్కులు <= 100. గణితంలో ఇది సరైన రాతే. సి భాష మాత్రం ముందు 0 <= మార్కులు అన్నదానికి 1 లేదా 0 ఇచ్చి, ఆ ఫలితాన్ని 100తో పోలుస్తుంది. కనుక 250 మార్కులు వేసినా షరతు ఒప్పే అవుతుంది. సరైన రూపం: 0 <= మార్కులు && మార్కులు <= 100.

రెండింటికీ మూలం ఒకటే. ఒప్పు, తప్పులను సి ప్రత్యేక రకంగా కాక మామూలు సంఖ్యలుగా చూసింది. అంతకుముందే, 1970 నాటి పాస్కల్‌లో ఆపాదనకు :=, పోలికకు =, ఒప్పు, తప్పులకు బూలియన్ రకం ఉన్నాయి. ఇలాంటి రాతలను దాని కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. సి ప్రమాణంలోకి బూలియన్ రకం 1999లో గానీ రాలేదు. వచ్చాక కూడా సంఖ్యలను షరతులుగా అంగీకరించడం మానలేదు.

అయితే, బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించింది యూనిక్స్ వంటి వ్యవస్థలు రాసే నిపుణుల కోసం. తరచుగా వాడే ఆపాదనకు చిన్న గుర్తు వారికి సౌకర్యమే. దానికి మూల్యం చెల్లిస్తున్నది కొత్త అభ్యాసకులు. పైథాన్ ఇఫ్ షరతులో = గుర్తును ఒప్పుకోదు; మార్కుల షరతును గణితంలోలాగే చదువుతుంది.

సి నేర్చుకోవద్దని కాదు. కంపైలర్ హెచ్చరికలు కోరి తెప్పించుకోండి. ప్రతి షరతు దగ్గర ఆగి, ఇది ప్రశ్నా, ఆదేశమా అని అడగండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
మార్కులు -5 అయితే, సి భాషలో 0 <= మార్కులు <= 100 అన్న షరతు ఒప్పా, తప్పా? కారణం రాయండి.