అచ్చుతప్పూ, మారుపేరూ

గుర్తింపు కార్డు కూడా ఒక రచనే. రాసింది ప్రభుత్వం, వస్తువు మేం. కనుక దాన్ని విమర్శకుల్లా చదివే హక్కు మాకుంది.

దేశంలోపల విమానం ఎక్కడానికి పాస్‌పోర్టే అక్కర్లేదు. ఫోటో ఉన్న ప్రభుత్వ కార్డు ఒకటి ఉంటే చాలు. 2017 అక్టోబరులో పౌర విమానయాన భద్రతా బ్యూరో పది రకాల పత్రాల జాబితా ఇచ్చింది. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుబుక్కు కూడా అందులో ఉన్నాయి. మా బస్తీల్లో ట్రంకు పెట్టెలో దాచుకునే రేషన్ కార్డు లేదు. ఏ కార్డు చూపించినా టికెట్ మీది పేరూ, కార్డు మీది పేరూ ఒక్కటై ఉండాలి. రూలు అందరికీ ఒకటే కదా అంటారు సెక్యులర్ మిత్రులు. అవును, ఒకటే. మా మాట అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మా పేరు మూడు భాషలు దాటి కార్డు మీదికి చేరుతుంది. అమ్మీ నోట్లో ఉర్దూ, గుమాస్తా చేతిలో తెలుగు, కంప్యూటర్లో ఇంగ్లీషు. 'ఖాసిం' కాస్తా 'కాశిం' అవుతాడు. షేక్‌కి ఇంగ్లీషులో చివర 'హెచ్' ఒక కార్డులో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు, మూడోదాంట్లో ఉత్త 'ఎస్కే'. మొహమ్మద్‌ని స్కూలు రిజిస్టర్లో అయ్యవారు 'ఎండీ' అని రాస్తే జన్మంతా 'ఎండీ'యే. పాన్ దరఖాస్తు పొడి అక్షరాలు ఒప్పుకోదు. ఓటరు కార్డు వాటితోనే వస్తుంది. ఒక్క మనిషే రెండు కార్డుల్లో ఇద్దరు.

ఇక 'లాస్ట్ నేమ్' పెట్టె. బీ, బేగం మర్యాద మాటలే గాని ఇంటిపేర్లు కావు. ఆడవాళ్ల విషయంలో ఆ పెట్టెలోకి అవే పోతాయి. భర్త షేక్, భార్య బేగం, కొడుకు మొహమ్మద్. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూచుని తినే ముగ్గురు కంప్యూటరుకి మూడు కుటుంబాలు!

ఇంటిపేరుని పొడి అక్షరం చేసుకున్న తెలుగువాళ్లందరికీ ఈ చిక్కుంది, కాదనం. తేడా గేటు దగ్గర తెలుస్తుంది. అక్కడ వాళ్ల అచ్చుతప్పు అచ్చుతప్పే. మా అచ్చుతప్పు మారుపేరు.

'సరిచేయించుకోండి' అనే సలహా తేలిక. ఆధార్‌లో పేరు మార్పుకి జన్మలో రెండే అవకాశాలు. అసలు సరైన పేరంటే ఏది? దర్గాకి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకి మస్తాన్ అనో, సైదులు అనో, నాగుల్‌మీరా అనో పెట్టుకుంటారు. మస్తానయ్యలూ సైదులూ హిందువుల్లోనూ ఉన్నారు. దూదేకుల ఇళ్లలో తెలుగు పేర్లు మామూలే. ఇప్పుడు మీసేవా కౌంటర్ల ముందు, చదువుకున్న మా కుర్రాళ్ల చేతుల్లో, ఈ పేర్లు ఒక పక్కకి జరుగుతున్నాయి. మస్తాన్‌బీ పేరుని అరబ్బీ చేయాలని కొడుకే పట్టుబడితే, మసీదు పెద్దల మీదా విమానాశ్రయం మీదా సమానంగా కోపం వస్తుంది మాకు.

2022 డిసెంబరులో డిజియాత్ర మొదలైంది. ముఖమే కార్డు, ఇక పేరుతో పనేముందని కొందరి సంబరం. ఇష్టమైనవాళ్లకే అంటున్నారు గాని, అందులో చేరడానికీ ఆధారే కావాలి.

ఆ ఆధార్ మీద మా పేరు తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస ఉంటుంది. చాలాసార్లు తెలుగు వరసే మా ఇంట్లో పిలుపుకి దగ్గరగా ఉంటుంది. టికెట్ మీద ఉండేది ఇంగ్లీషు వరసే.