ఆరాధనలో స్త్రీ: ‘మౌనము’ అనే మాటపై ఒక పరిశీలన

సంఘారాధనలో స్త్రీ ప్రసంగించరాదనే వాదానికి మొదటి కొరింథీ 14:34లోని ‘మౌనము’ ప్రధానాధారం. అయితే అదే అధ్యాయం 28, 30 వచనాలలో భాషలతో మాట్లాడేవారికి, ప్రవచించేవారికి కూడా సందర్భానుసారంగా మౌనమే విధింపబడింది. పైగా 11:5 స్త్రీల ప్రార్థనను, ప్రవచనాన్ని కాదనక, తలపై ముసుగును మాత్రమే చర్చిస్తుంది. కనుక 14:34 ఆరాధనాక్రమానికి సంబంధించినదే గాని శాశ్వత నిషేధం కాదు. మొదటి తిమోతి 2:12 మరింత కఠినమైనది. దానిని రోమా 16:1లో ఫీబేకు తెలుగు బైబిలు వాడిన ‘పరిచారకురాలు’ అనే పదంతో కలిపి చదవాలి.

1841లో చర్చి మిషనరీ సొసైటీ అడుగుపెట్టిన మచిలీపట్నం నేడు దక్షిణ ఇండియా సంఘపు కృష్ణా-గోదావరి డయోసిస్‌లో ఉంది. ఆ సంఘమే 2013లో పుష్పలలితను నంద్యాల బిషప్‌గా అభిషేకించింది. వాక్యభాగాలను సమగ్రంగా చదివినప్పుడే ఆ అధికారం మినహాయింపుగా కాక వాక్యానుసారమైనదిగా నిలుస్తుంది.