మేక తిరిగిన దారి

ఆదివారం మా వీధి చివర చెరకు రసం బండి ఆగిపోయింది. అనంతపురం ఎండల్లో ఇంతకన్నా పెద్ద వార్తేముంది? రోలరు పక్కనుండే చక్రానికి రెండు పళ్ళు ఊడాయి. కొత్తది కోయించడానికి బండాయనతో నేనూ లేత్ షాపుకి పోయాను, జేబులో వెర్నియర్‌తో. పెళ్ళిలో లడ్డూ కొలిచానని నన్నింకా తిట్టే పాఠకులకు ఆ వెర్నియర్ తెలుసు.

మాడ్యూల్ 3, పళ్ళు 30, కోణం 20 డిగ్రీలు. నాలుగు పళ్ళు కలిపి పట్టి కొలిస్తే 32.258 మిల్లీమీటర్లు రావాలి. బిగుసుకోకుండా తిరగాలంటే ఇంకాస్త తగ్గాలి. కోసిన చక్రం మీద నాకొచ్చింది 32.40.

నాలుగు పళ్ళెందుకంటారా? మా అవ్వ వేపమానుకి మేకని కట్టేసేది. అది చుట్టూ తిరిగి తాడంతా మానుకి చుట్టుకుని అరుస్తుంటే విప్పే పని నాది. తాడు సడలకుండా వెనక్కి తిప్పుతుంటే మేక దుమ్ములో నడిచిన దారి ఉంటుందే, గేరు పంటి చెంప వంపు అదే. ఇన్‌వొల్యూట్ అంటారు. గేర్లకు అది పనికొస్తుందని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ చెప్పాడు. బిగిసిన తాడు ఎప్పుడూ ఆ దారికి లంబంగానే ఉంటుంది. అందుకే వెర్నియర్ దవడలు చెంపల మీద కాస్త పైన తాకినా కింద తాకినా అంకె మారదు. ఒక్క పంటి మందమే కొలిస్తే, చక్రం బయటి వ్యాసంలో తప్పు కూడా అందులో కలిసిపోతుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కారు గేరు పంటి మీద సన్నటి మొన నడిపించి, మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడాలు పట్టే కాలమిది. ఇక్కడేమో కళ్ళు మూసుకుని కోత! ఈ వారం ఇదే రాసి కడిగేద్దామనుకున్నాను.

మేస్త్రీకి తప్పు చూపించాను. "దీని జత చూసినావా సామీ? బాగా అరిగిండాది. లెక్క ప్రకారం కోస్తే సందెక్కువై టకటకా కొట్టుకుంటాది. అందుకే కండ వదిల్నా" అన్నాడు. కొత్త పళ్ళకి నీలం పూసి, పాతదానితో కలిపి తిప్పాడు. ఒక్కచోట తప్ప మచ్చ పంటి నడుమనే పడింది. అక్కడ ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు, అంతే. జత సంగతి నాకు తోచనే లేదు.

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. రేపు ఆ పాత చక్రాన్నీ మారిస్తే ఈ కండే అడ్డం పడుతుంది. "కొలత చక్రం మీద కొట్టు నాయనా" అని బతిమాలాను. నవ్వుతూ పంచ్‌తో కొట్టాడు, చుక్క మర్చిపోయి, 3240 అని.