ఛందస్సున లక్షణజ్ఞానము – ప్రయోగజ్ఞానము

ఒకనికి ఛందశ్శాస్త్రము తెలియునన్నచో, ఏమి తెలియునని యర్థము? వృత్తముల పేళ్లు, గణములు, యతిస్థానములు తప్పక చెప్పగల్గుటయే యా తెలివి యగునా? మన తరగతులలోను పరీక్షలలోను అట్లే భావింపబడుచున్నది. పద్యపాదమునకు గురులఘువులు గుర్తించి, గణములేర్పఱచి, వృత్తము పేరు వ్రాసిన విద్యార్థికి పూర్ణాంకములు లభించును. అట్టి విద్యార్థియే ఒక యక్షరము జారిన పద్యమును చదువుచు, ఎచ్చటను ఆగక సాగిపోవుట మేము పలుమాఱులు చూచితిమి. అతనికి లక్షణము తెలియును. పద్యపు నడక తెలియదు. ఈ భేదమును విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అనునవి గణములు. పాదమునకు 20 అక్షరములు. 10వ యక్షరము యతి. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర అనునవి గణములు; 21 అక్షరములు; 11వ యక్షరము యతి. వల్లించువానికి ఇవి రెండు పట్టికలు. గణముల పేళ్లలో పోలిక కానరాదు. పద్యము నల్లి చూచినవానికి మాత్రము రెండును ఒక్క నడకయే. చంపకమాల పాదాదిని గల రెండు లఘువులకు మాఱుగా ఒక గురువు నుంచినచో ఉత్పలమాల యగును. మత్తేభ శార్దూలములకును ఇదే సంబంధము. అక్షరసంఖ్య 20 నుండి 19కిని, యతిస్థానము 14 నుండి 13కును తగ్గుటకు కారణ మిదియే. ఈ యంశము సూత్రములందే యున్నది. గణనామములు దానిని మఱుగుపఱచుచున్నవి.

మఱియొక యుదాహరణము. ప్రాసకు ద్విత్వాక్షరమును ఎన్నుకొన్నవాడు చంపకమాలను ప్రారంభింపలేడు. ద్విత్వమునకు ముందున్న యక్షరము గురువగును. చంపకమాలకో మొదటి యక్షరము లఘువు కావలయును. ఈ నిషేధమును సూత్రముగా మేము కంఠస్థము చేయలేదు. పద్యరచనకు పూనుకొని, మొదటి పాదముననే చిక్కుపడి, దీనిని గ్రహించితిమి. శాస్త్రమున విడివిడిగా నున్న నియమములు ప్రయోగమున ఒకదానినొకటి బంధించును. ఆ బంధము నెఱుగుటయే ప్రయోగజ్ఞానము.

దీని యావశ్యకత గ్రంథపరిష్కరణమున స్పష్టమగును. తాళపత్రప్రతులలో ఎకార ఒకారముల హ్రస్వదీర్ఘభేదము తఱచుగా చూపబడదు. ఒకే వ్రాత ‘తెలి’ యనియు ‘తేలి’ యనియు చదువదగియుండును. ఆ తావున రెండు లఘువులు కావలసినచో మొదటిది, గురువును లఘువును కావలసినచో రెండవది గ్రాహ్యము. ఇచ్చట ఛందస్సు పాఠనిర్ణయ సాధనము. లెక్కించుట యెవరికైనను సాధ్యమే. వేలకొలది పాదములలో ఎచ్చట ఆగి లెక్కింపవలయునో చెప్పునది మాత్రము శిక్షితమైన చెవి.

అయినను చెవిని సర్వప్రమాణముగా గొనరాదు. ఒక ప్రతిలో లోపించిన రెండక్షరములను మేమొకప్పుడు తడవుకొనక పూరించితిమి. గణము సరిపోయెను, యతి కుదిరెను, అర్థమును పొసగెను. కొంతకాలమునకు వేఱొక ప్రతి లభింపగా, అచ్చట మేమెఱుగని ప్రాచీనపద మొకటి కానవచ్చెను. మా చెవి మాకు పరిచితమైన పదమునే యందించినది. కావున అభ్యాసము తప్పున్న తావును చూపగలదు. ఒప్పేదియో నిర్ణయించుటకు ప్రత్యంతరములను, నిఘంటువులను, ప్రాచీనప్రయోగములను ఆశ్రయింపక తప్పదు. ప్రయోగజ్ఞానము గలవాడు తన జ్ఞానపు మేరను గూడ నెఱుగవలయును.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇద్దఱు నాట్యాచార్యులు తమలో నెవరధికులని వివాదపడగా, శిష్యుల ప్రదర్శనముచే వారిని పరీక్షింప నిశ్చయించిరి. ఆచార్యుల పాండిత్యమునకు శిష్యుని ప్రయోగమే గీటురాయి యనుట యందలి యాశయము. మన విషయమునను ఇది వర్తించును. పరిశోధనకు పూనుకొను ప్రతి విద్యార్థిచేతను ముందుగా పది వృత్తములైనను వ్రాయింపవలయునని మా యభిప్రాయము. వానిలో కవిత్వ ముండనక్కఱలేదు. వారిని కవులుగా జేయుట మన యుద్దేశము కాదు. పద్యము కుంటువడినపుడు అది వారికి వినబడవలయును. తాళపత్రప్రతులు నానాటికి శిథిలములగుచున్నవి. వానిని చదువవలసిన చెవులు సిద్ధము కానిచో, మిగిలిన ప్రతులును మనకు నిరుపయోగములే యగును.