తాళ్లపాక వారింటి ద్విపద

నాకు ద్విపదంటే ప్రాణం. తిరుపతిలో నాతో పాటు తెలుగు ఎమ్మే చదివేవాళ్లు ప్రబంధాల వైపో, వచన కవిత వైపో మొగ్గుతారు. శార్దూల మత్తేభాల పక్కన ద్విపద చిన్నదన్న భావం పాతకాలం పండితుల నుంచీ ఉంది. దాన్ని ముసలితనంతో జతకట్టి ఎగతాళి చేసిన చాటువు కూడా ఉంది. ఆ చిన్నచూపును లెక్కచేయని ఇల్లు మా కొండమీదే వెలిగింది. అదే సంకీర్తనల అన్నమయ్య ఇల్లు, తాళ్లపాక వారి ఇల్లు.

ద్విపద కొలత తేలిక. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. రెండు పాదాలకూ రెండో అక్షరం కలవాలి, అది ప్రాస. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి, అది యతి. చూపడానికి నేనే రెండు పాదాలు కట్టాను:

కొండపై వెలుగులు కొలనులో జారె
దండిగా మబ్బులు దారిలో చేరె

మొదటి పాదంలో ‘కొండపై’ అన్న రగణం, ‘వెలుగులు’ అన్న నలం, ‘కొలనులో’ అన్న నగం, ఈ మూడూ ఇంద్రగణాలు; చివర ‘జారె’ అన్న హగణం సూర్యగణం. ‘కొం’కు ‘కొ’ యతి. కింది పాదంలో ‘దం’కు ‘దా’ యతి. కొండ, దండి అనేవి ప్రాస. ఇప్పుడు రెండో పాదాన్ని ‘మబ్బులు దండిగా మలుపులో చేరె’ అని మార్చండి. గణాలున్నాయి, యతి ఉంది, ప్రాస పోయింది. ఇది మంజరీ ద్విపద. ప్రాస కోసం మాటను వంచాల్సిన పని లేదు కాబట్టి మంజరిలో కథ ఇంట్లో మాట్లాడుకున్నంత హాయిగా సాగుతుంది.

అన్నమయ్య భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ చెప్పింది ఈ మంజరిలోనే. తొలి తెలుగు కవయిత్రిగా ఆమె పేరు పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్న. కావ్యం మాత్రం చదివేవాళ్లు తక్కువ, అది నాకు బాధ. భారతంలోని అర్జునుడు, సుభద్ర ఆమె చేతిలో తెలుగింటి పెళ్లిమాటల్లోకి వచ్చేస్తారు. మా అవ్వ కట్టిన నలుగు పాటల నడక ఎక్కడిదో నాకు తిమ్మక్కను చదివాకే తెలిసింది. అవ్వ పాటల్ని అమ్మ ఒక నోటుబుక్కులో ఎక్కించి పెట్టింది. మా ఇంట్లో కవిత్వం ఉందని నేను ధైర్యంగా చెప్పుకునేది ఆ పుస్తకాన్ని చూసుకునే.

తాళ్లపాక వారిదీ ఇలా ఇంటి పాటల్ని రాసి దాచిన పనే, ఎంతో పెద్ద ఎత్తున. అన్నమయ్య (1408–1503) పదహారో ఏట 1424లో సంకీర్తనలు మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడని ఆ పాటలు చెక్కిన రాగిరేకుల మీదే ఉంది. ఆయన చెప్పినవి ముప్పైరెండు వేలని మనవడు చిన్నన్న రాశాడు. డెబ్బై తొమ్మిదేళ్లలో రోజుకొకటి చొప్పున లెక్కేసినా ఇరవై ఎనిమిది వేల పైచిలుకే అవుతాయి. అంటే రోజుకొకటి కంటే ఎక్కువే! కొడుకు పెదతిరుమలాచార్యుడు తానూ రోజుకొక కీర్తన తగ్గకుండా చెప్పాడంటారు. అంతటితో ఊరుకోలేదు, తండ్రి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించే పనిని తలకెత్తుకున్నాడు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉండిపోయి 1922లో వెలుగు చూశాయి. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, అచ్చువేయించి, మనకు అందించారు. రేకు మీద పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఈ రోజు మనం వినే బాణీలు చాలావరకు ఈ కాలపు విద్వాంసులు కట్టినవే.

ఇక మనవలు. చిన్నన్న, అంటే చినతిరువేంగళనాథుడు, తాత కథను ‘అన్నమాచార్య చరిత్రము’గా ద్విపదలోనే చెప్పాడు. ‘పరమయోగి విలాసము’, ‘అష్టమహిషీ కల్యాణము’ కూడా ఆయనవే. తెనాలి రామకృష్ణుడి పేరిట నిలిచిన ఒక చాటువు చిన్నన్న ద్విపదకు, పెదతిరుమలాచార్యుడి పదానికి పట్టం కడుతుంది. ఒకే ఇంట్లో ఎవరి చేయి ఏ రచనలో తిరిగిందో లోకం విడివిడిగా గుర్తించిందన్నమాట. నా ఓటు చిన్నన్నకే. తాతను పొగడాలన్న ఉబలాటం ఉన్నా ఆయన నడక తూలదు. ఏ రెండు పాదాలకు ఆ రెండు పాదాలే ముగిసే ఛందస్సులో అంత పొడవైన కథను తెగకుండా నడపడం ఎంత కష్టమో, రెండు పాదాలు కట్టడానికి నేను పడ్డ తంటా చెప్పింది.

మరో మనవడు చినతిరుమలాచార్యుడి పని వేరు. పాట అంటే ఏమిటి, పల్లవి ఎలా ఉండాలి, చరణంలో యతిప్రాసలు ఎలా నడవాలి అన్న శాస్త్రాన్ని ‘సంకీర్తన లక్షణము’గా తెలుగు పద్యాల్లో పెట్టాడు. దీని మూలం అన్నమయ్య సంస్కృతంలో రాశాడు. ఆ గ్రంథం నేడు దొరకడం లేదు. అన్నమయ్య పాటను గురించి ఏమనుకున్నాడో తెలుసుకోవాలంటే మనవడి తెలుగే మనకు దారి.

నన్నడిగితే ఈ ఇంటి రచనల్ని పాటలతో మొదలుపెట్టవద్దు. పాటలు ఎలాగూ చెవిన పడుతూనే ఉంటాయి. ముందు చిన్నన్న చెప్పిన తాత చరిత్ర పైకి చదవండి, గొంతెత్తి, గణాల దగ్గర ఆగకుండా. తర్వాత తిమ్మక్క. ఆపైన ‘సంకీర్తన లక్షణము’ పక్కన పెట్టుకుని ఏదైనా ఒక సంకీర్తన తీసుకోండి.