వృత్తి నటుడు - విమర్శ దృష్టి

తెలుగు నాటకరంగ చరిత్రలో నటులను వృత్తి నటులు, ఔత్సాహికులు అని విభజించడం పరిపాటి. ఈ విభజన క్రమంగా విలువల తారతమ్యంగా మారింది. న్యాయవాదిగా జీవించిన బళ్లారి రాఘవ నటనను విమర్శకులు పాత్రావగాహన, భావప్రకటనల దృష్టితో పరిశీలించారు. 1885లో 'కీచక వధ' ప్రదర్శనతో ఆరంభమైన సురభి విషయంలో మాత్రం కుటుంబ పరంపర, రంగాలంకరణ, యంత్ర చమత్కారాలే ప్రధానాంశాలయ్యాయి. అక్కడి ఒక్కొక్క నటుని అభినయంపై విశ్లేషణ అరుదు.

సురభిలో బిడ్డలు బాల్యం నుంచే వేషం కడతారు. వయసుతోపాటు వారి పాత్రలూ మారుతాయి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించే సంప్రదాయం అక్కడ తొలినాళ్ల నుంచే ఉంది. నిత్య ప్రదర్శన, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని తీర్పు ఆ నటనను తీర్చిదిద్దాయి. దీనినంతటినీ 'పరంపర' అనడం ప్రశంసగా తోచినా, వ్యక్తి సాధనను అది మరుగుపరుస్తుంది.

నాట్యశాస్త్రంలో 'వృత్తి' అంటే భారతి, సాత్వతి, కైశికి, ఆరభటి అనే నాలుగు ప్రయోగ రీతులు, లోకవ్యవహారంలో జీవనోపాధి. వృత్తి నటునిలో ఈ రెండర్థాలూ కలుస్తాయి. ప్రతిఫలం పుచ్చుకున్నంత మాత్రాన కళ తరగదు. పైగా నిత్యసాధనకు అవకాశమిచ్చేది ఆ ప్రతిఫలమే. కనుక వృత్తి నటుని జీవికను చరిత్రకు, అభినయాన్ని విమర్శకు వేరువేరుగా అప్పగించే పద్ధతిని పునఃపరిశీలించవలసి ఉంది.