పరిశోధనాలయపు వార్తలు: ఒక పరామర్శ

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం పేరు వినని విజ్ఞానశాస్త్ర విద్యార్థి మన తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలలలో అరుదు. ప్రాంతీయ పరిశోధనాలయంలోని జీవరసాయన విభాగం నుండి 1977లో విడివడి, పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో రూపుదిద్దుకొన్న ఈ సంస్థను జనం పొడి అక్షరాలతో సి.సి.ఎం.బి. అనే పిలుస్తారు. ఇచ్చటి పరిశోధనలను గూర్చిన వార్తలు తెలుగు పత్రికలలో తరచుగా వస్తూంటవి. తరగతిలో చదివి వినిపించడానికని కొన్నేళ్లుగా ఆ వార్తలను కత్తిరించి దాచుకొంటున్నాను. పరిశోధనల గొప్పతనాన్ని గూర్చి వేరే చెప్పవలసిన పనిలేదు. ఆ పరిశోధన పట్టణంలోని సామాన్య పాఠకుని చేతికి ఏ రూపంలో అందుతున్నది అనేదే ఇక్కడ మన పరామర్శ.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మన రక్తంలో బ్యూటిరిల్ కోలీన్ ఎస్టరేజ్ అనే ఎంజైము ఒకటి ఉన్నది. దీనిని కాలేయం తయారుచేస్తుంది. ఇది బొత్తిగా తక్కువైనా మనిషి తిని, తిరిగి, పనిచేసుకొని హాయిగా బ్రతుకుతాడు. తనలో ఆ లోపం ఉన్నదని జీవితాంతం తెలియకుండానే గడిపేవారు అనేకులు. చిక్కు వచ్చేది శస్త్రచికిత్స బల్లమీద. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోనికి గొట్టం సులువుగా దిగడానికని కండరాలను సడలించే మందు ఒకటి సూదిద్వారా ఎక్కిస్తారు. అట్టి మందులలో సక్సినైల్ కోలీన్ ఒకటి. రక్తంలోని పై ఎంజైము దానిని వెంటనే విరగగొడుతుంది. కాబట్టి మామూలు మనుష్యులలో దాని ప్రభావం కొద్ది నిమిషాలు మాత్రమే నిలుస్తుంది. ఎంజైము లేనివారిలో మందు విరగదు. ఊపిరితీసే కండరాలు గంటల తరబడి పనిచేయవు. అంతసేపూ యంత్రంతో శ్వాస ఇస్తూ కనిపెట్టుకొని ఉంటే మనిషి నిక్షేపంగా లేచి కూర్చుంటాడు. ఆ ఏర్పాటు లేనిచోట ప్రాణాపాయమే.

ఈ లోపం ఆర్యవైశ్యులలో ఇతరులకన్న సుమారు వందరెట్లు అధికంగా కనబడుతుంది. 2017లో సి.సి.ఎం.బి.కి చెందిన కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ ప్రభృతులు 'నేచర్ జెనెటిక్స్' పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ సంగతిని ప్రధానోదాహరణగా చూపినది. తెనాలి, బాపట్ల వంటి వర్తక పట్టణాలకు ఇది పరాయి విషయం కాదు. మన బజారులోని దుకాణాల వెనుక ఉన్న ఇండ్లకు సంబంధించిన విషయం.

దీనిని పత్రికలు ఎట్లా వ్రాసినవి? నా వద్దనున్న కత్తిరింపులలో ఒకదాని శీర్షికలో కులం పేరు పెద్ద అక్షరాలలో ఉన్నది, "జన్యులోపం" అనే మాట అంతకన్న పెద్ద అక్షరాలలో ఉన్నది. మందు పేరు మాత్రం ఎక్కడా లేదు! తాళం ఫలానా ఇంటిదని చెప్పి, తాళపుచెవి సంగతి దాచినట్లున్నది. ఏ మందు వాడరాదో చెప్పని వార్తవల్ల ఎవరికి మేలు? భయం మాత్రం పుష్కలంగా కలుగుతుంది.

ఆ భయాన్ని నేను కండ్లారా చూచినాను. బాపట్ల నుండి వచ్చి చదువుకొనే విద్యార్థి ఒకడు అటువంటి కత్తిరింపును చేతబట్టుకొని ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చినాడు. వాని తల్లికి పిత్తాశయంలో రాళ్లు. తెనాలిలో శస్త్రచికిత్సకు రోజు కూడా నిర్ణయమైనది. "మాస్టారూ, మా రక్తంలోనే లోపం ఉన్నదట. అమ్మకు ఆపరేషన్ మాన్పించమంటారా?" అని అడిగినాడు. రాళ్లనొప్పితో ఆమె అప్పటికే రెండు రాత్రులు నిద్రపోలేదట. "ఆపరేషన్ మాన్పించవద్దు. మత్తు ఇచ్చే డాక్టరుగారితో ఒక్కమాట ముందుగా చెప్పు" అని, మందు పేరు, ఎంజైము పేరు తెలుగులో ఒక కాగితంమీద వ్రాసి ఇచ్చినాను. ఆ డాక్టరుగారు కాగితం చూచి, తనకు తెలిసిన విషయమేనని చెప్పి, రక్తపరీక్ష చేయించినారట. ఎంజైము సరిగానే ఉన్నది. శస్త్రచికిత్స జరిగినది, తల్లి ఇంటికి వచ్చినది. వందరెట్లు అధికం అన్నంత మాత్రాన అందరికీ ఉన్నదని అర్థం కాదు గదా! అరుదైనదానికి వందరెట్లైనా ఆ సమాజంలో అత్యధికులకు ఆ లోపం ఉండదు. ఈ ఒక్క వాక్యం వార్తలో ఉన్నట్లయితే ఆ కుటుంబం అంత కలవరపడి ఉండేది కాదు. ఒకవేళ ఆమెకు ఆ లోపమే ఉన్నదనుకొందాం. అప్పుడైనా వేరొక మందు వాడి శస్త్రచికిత్స చేసి ఉండేవారు.

రెండవ దోషం, కనుగొన్నవారెవరు అనే విషయంలో. వార్తలు చదివితే ఇదంతా 2017లో హైదరాబాదులోనే బయటపడినట్లు తోస్తుంది. వైశ్యులలో ఈ ఎంజైమును చెడగొట్టే జన్యు మార్పును మనోహరన్, బూపతి ప్రభృతులు 2006లోనే ప్రకటించినారు. ఆ ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసినచోట ప్రోలీన్ వచ్చి చేరుతుంది. మార్పు అంతమాత్రమే. మరి హైదరాబాదువారి కృషి ఏమిటి? ఇట్టి మార్పు ఒక సమాజంలో ఎందుకు పేరుకొన్నదో వారు వివరించినారు. రెండు మూడువేల సంవత్సరాల క్రిందట కొద్దిమంది పూర్వులతో మొదలైన సమాజం, తరువాత బయటి సంబంధాలు లేకుండా లక్షలుగా పెరిగినది. ఆ పూర్వులలో ఒకరిలో ఉన్న మార్పు సంతానంతోపాటు వ్యాపించినది. పూర్వుల మంచితో దీనికి గాని, చెడుతో గాని నిమిత్తం లేదు.

పైగా ఇది ఒక్క సమాజం కథ కానేకాదు. ఆ వ్యాసకర్తలు దక్షిణాసియాలో 260కి పైగా సమాజాలను, 2,800 మందికి పైగా వ్యక్తులను పరిశీలించినారు. వానిలో 81 సమాజాలు యూదులలోని అష్కెనాజీలకన్న, ఫిన్లండు ప్రజలకన్న తీవ్రంగా ఇట్టి కొద్దిమంది పూర్వుల నుండి వచ్చినవని తేల్చినారు. వానిలో 14 సమాజాల జనసంఖ్య పదిలక్షలు మించినది. అనగా వార్త చదివి ప్రక్కింటివానివైపు చూచే పాఠకుడు ముందుగా తన ఇంటివైపు చూచుకోవలెను.

"మాలో మేనరికాలు లేవు, మాకేం భయం?" అనే మాట రేపల్లె రైలులో నేను పలుమార్లు విన్నాను. పత్రికలు కూడా ప్రతి జన్యు వార్తకూ మేనరికాన్ని తగిలిస్తూంటవి. మేనరికంవల్ల కలిగే ప్రమాదం నిజమే, అది వేరు. ఇక్కడ వధూవరులకు ఏడుతరాలలో చుట్టరికం లేకపోయినా, వందతరాల వెనుక పూర్వులు ఒక్కరే కావచ్చును. ఉదాహరణకు ఒక సమాజంలో పదిమందిలో ఒకరికి ఒక జన్యువు చెడిన ప్రతి ఉన్నదనుకొందాం. భార్యాభర్తలు ఇద్దరూ అట్టివారు కావడం నూటికి ఒక జంట. ఆ జంట బిడ్డలలో లోపం పూర్తిగా కలిగేది నలుగురిలో ఒకరికి. అనగా మొత్తంమీద నాలుగువందల జననాలకు ఒకటి. ఈ లెక్క ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలుసును. ఆ విద్యార్థి తండ్రి చదివే పత్రికలో మాత్రం కనబడదు.

శాతాలతో ఆట ఇంకొక దోషం. 2009లో తంగరాజ్ మున్నగువారే గుండె కండరానికి సంబంధించిన ఎం.వై.బి.పి.సి.3 అనే జన్యువులో 25 అక్షరాల లోపం భారత ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో ఉన్నదని, అది గుండె వైఫల్యానికి అవకాశాన్ని దాదాపు ఏడురెట్లు పెంచుతుందని ప్రకటించినారు. దానినే "నూటికి నలుగురికి గుండెజబ్బు" అని చెప్పుకొన్నారు. లోపం ఉండడం వేరు, జబ్బు రావడం వేరు. తరువాత 2018లో అమెరికాలోని దక్షిణాసియావారిపై జరిగిన పరిశీలన, ఆ లోపంతోపాటు వేరొక మార్పుకూడా ఉన్న కొందరిలోనే గుండె కండరపు తేడాలు కనబడుతున్నవని సూచించినది. విజ్ఞానం తన్ను తాను ఇట్లా దిద్దుకొంటూ నడుస్తుంది. మొదటి వార్తను నలుగురూ చదివినారు. దిద్దుబాటు ఎవరి కంటా పడలేదు.

దోషమంతా విలేఖరులదే అనడం న్యాయం కాదు. మూలవ్యాసం ఆంగ్లంలో, అదీ నిపుణుల పరిభాషలో ఉంటుంది. రాత్రి గడువులోగా దానిని తెలుగు చేయవలసిన విలేఖరి ఎవరిని అడుగుతాడు? ప్రజల రక్తం తీసుకొని పరిశోధించే సంస్థలు, ఫలితాన్ని ఆ ప్రజల భాషలో ఒక పుటలోనైనా చెప్పడం తమ బాధ్యతగా తలచవలెను. మావంటి అధ్యాపకులు కూడా తరగతి గది దాటి రావలెను.

ఆసుపత్రికి ఇది భారమా? కాదు. కోలీన్ ఎస్టరేజ్ పరీక్ష మన డెల్టాకు క్రొత్తది కాదు. పొలంలో పురుగుమందు చల్లుతూ విషం సోకిన రైతును ఆసుపత్రికి తెస్తే చేసేది ఈ పరీక్షే. ఆర్గానోఫాస్ఫేటు మందులు ఆ ఎంజైమునే అణచివేస్తవి. కాబట్టి తరతరాలుగా వచ్చిన లోపం లేని రైతుకైనా, మందు సోకిన దినాలలో శస్త్రచికిత్స జరిగితే ఇదే చిక్కు రావచ్చును. కులం పేరుతో వచ్చిన వార్త చివరకు పొలం గట్టుమీది మనిషికి కూడా వర్తిస్తున్నది చూడండి! ఈ సంగతి వ్రాసిన కత్తిరింపు నా వద్ద ఒక్కటీ లేదు.

కాబట్టి జన్యు వార్త చదివే పాఠకునికి ఒక చిన్న మనవి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిని పరిశీలించినారు? నూటికి ఎందరికి అన్నది లోపమా, జబ్బా? ఇంతకుముందు ఎవరు కనుగొన్నారు? నేను ఏమి చేయవలెను? నాలుగవదానికి జవాబు లేని వార్త ఇంకా పూర్తికాలేదని గ్రహించండి. ఈ ఎంజైము విషయంలో జవాబు సులభం: ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చిన తరువాత మెలకువ, ఊపిరి ఆలస్యమైన చరిత్ర ఉంటే, శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరుగారితో చెప్పండి.

ఆ విద్యార్థి నేను వ్రాసిన కాగితాన్ని భద్రంగా ఉంచినాడు. దాని ప్రతులను తమ బజారులో పది ఇండ్లకు పంచినానని మొన్న చెప్పినాడు. నా కత్తిరింపుల కట్టలో ఆ కాగితాన్ని కూడా చేర్చినాను.